సిరిసిల్ల సభ నుండి అంతర్జాలము వరకు

1935వ సంవత్సరమున హైదరాబాదు సంస్థానములో రెండు సంగతులు జరిగెను. రాజధానిలో నైజాము ప్రభుత్వము దక్కను రేడియోను తన చేతిలోనికి తీసికొని ప్రసారములు నడపసాగెను. అదే యేట కరీంనగరము జిల్లాలోని సిరిసిల్ల పట్టణమున, మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన, నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాల్గవ సమావేశము జరిగెను. ఒకచోట పాలకుల కంఠము తీగలు లేకయే గాలిలో ప్రయాణము చేయుచుండెను. ఇంకొకచోట ప్రజలు తమ కష్టసుఖములను గూర్చి తమలో తాము నాలుగు మాటలు చెప్పుకొనుటకు సర్కారువారి అనుమతి కొరకు ఎదురుచూడవలసి యుండెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుటకు కారణమున్నది. జనులు ఇంటర్నెట్ అనియు, ఒట్టి ‘నెట్’ అనియు పిలుచు అంతర్జాలమునకు ఎంత స్వేచ్ఛ ఉండవలెను, దానికి కట్టుబాట్లు ఎవరు, ఎట్లు చేయవలెను అను ప్రశ్న నేడు చట్టసభలలోను న్యాయస్థానములలోను తరచుగా వినవచ్చుచున్నది. సాధనము క్రొత్తదే కాని ప్రశ్న క్రొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ప్రజలు గడచిన తొంబది యేండ్లలో దీనిని పలు రూపములలో ఎదుర్కొనిరి. ఆ అనుభవమును వరుసగా చెప్పి, శాసనకర్తలకు అందు గల హెచ్చరికలను చూపుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

సిరిసిల్ల సభనాటి పరిస్థితితో ప్రారంభింతము. హైదరాబాదు సంస్థానములో 1920ల నుండి ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అను ఉత్తరువు అమలులో నుండెను. తిర్పన్ అనగా 53. గస్తీ అనగా అధికారులకు త్రిప్పబడు సర్క్యులరు. బహిరంగసభ జరుపదలచినవారు ముందుగా అనుమతి పొందవలెనని దాని సారాంశము. అనుమతి నిచ్చుటయు, ఇయ్యకుండుటయు, ఇచ్చియు షరతులు పెట్టుటయు అధికారుల యిష్టము. సొంతముగా బడి పెట్టదలచినవారికిని ఇట్టి నిర్బంధమే యుండెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక కూడ ఈ వాతావరణములోనే అక్షరమక్షరము తూచి వ్రాయవలసి వచ్చెను.

ఆ గస్తీలోని ముఖ్యదోషమును గమనింపుడు. తప్పు మాట పలికినవానిని శిక్షించుట ఒక పద్ధతి. ఎవడేమి పలుకునో యని అందరి నోళ్లకును ముందుగానే తాళము వేసి, తాళపుచెవిని ఒక ఉద్యోగి చేతిలో నుంచుట ఇంకొక పద్ధతి. గస్తీ 53 ఈ రెండవ జాతికి చెందినది. ఇంతకంటె గమనింపదగిన మరియొక సంగతి కలదు. అది ప్రజల ప్రతినిధులు కూర్చుండి చర్చించి చేసిన శాసనము కాదు. కచేరీలో పుట్టి కచేరీ నుండి వెలువడిన కాగితము. దానిని రద్దు చేయవలెనని ఆంధ్ర మహాసభవారు పలుమార్లు కోరిరి. కాని చట్టసభలో పుట్టని దానిని చట్టసభలో ప్రశ్నించుట ఎట్లు?

ఇక రేడియో సంగతి. నేడు మనము మీట త్రిప్పి పాట వినుచున్నాము కాని, మన తండ్రుల కాలమున రేడియో కొనినవారు పోస్టాఫీసుకు పోయి లైసెన్సు పుస్తకము తీసికొని, ఏటేటా రుసుము చెల్లింపవలసి యుండెను. దీనికి మూలము బ్రిటిషువారు చేసిన రెండు చట్టములు. మొదటిది 1885 నాటి తంతి చట్టము, రెండవది 1933 నాటి వైర్‌లెస్ చట్టము. తంతిపై సర్వాధికారము ప్రభుత్వమునదే యని మొదటిది పలికెను. అనుమతి లేక వైర్‌లెస్ పరికరమును ఇంట నుంచుకొనుటయే నేరమని రెండవది పలికెను. అనగా మాట్లాడుటకే కాదు, వినుటకును లైసెన్సు కావలసి యుండెను. ఇంటి రేడియోకు ఈ నిర్బంధము 1980ల దశకమున గాని తొలగిపోలేదు. తొలగిపోయినందున ఏ ఉపద్రవమును రాలేదని శ్రోతలందరును ఎరుగుదురు.

ఇంతలో దేశము స్వతంత్రమై, 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. వాక్స్వాతంత్ర్యము 19వ అధికరణముచే పౌరుని హక్కయ్యెను. ఆ హక్కునకు పరీక్ష వెంటనే మన పొరుగుననే వచ్చెను. బొంబాయి నుండి వెలువడు ‘క్రాస్‌రోడ్స్’ అను వారపత్రిక తమ రాష్ట్రములోనికి రాగూడదని, నాడు ఆంధ్ర జిల్లాలును చేరియున్న మద్రాసు రాష్ట్ర ప్రభుత్వము నిషేధించెను. 1950 మే 26న సుప్రీంకోర్టు ఆ నిషేధము చెల్లదనెను. మరుసటి యేడు పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి, శాంతిభద్రతల నిమిత్తము ఆంక్షలు పెట్టవచ్చుననెను. కాని ఆ ఆంక్షలు ‘సమంజసము’గా నుండవలెనను మాటను కూడ చేర్చెను. ఆ ఒక్క పదము పౌరునకు మిగిలిన రక్ష. ఏది సమంజసము, ఏది కాదు అను వివాదమే నాటినుండి నేటివరకు సాగుచున్నది.

ఆకాశ తరంగములను గూర్చియు న్యాయస్థానము ఒక నిర్ణయము చెప్పవలసి వచ్చెను. 1993లో జరిగిన క్రికెట్టు పోటీల ప్రసారమును గూర్చి బెంగాలు క్రికెట్టు సంఘమునకును ప్రభుత్వమునకును వచ్చిన వివాదములో, 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు నిచ్చెను. తరంగములు ప్రజల సొత్తనియు, వాని వినియోగమును ప్రభుత్వము చేతిలో గాక స్వతంత్ర సంస్థ చేతిలో నుంచవలెననియు ఆ తీర్పు సారము. న్యాయమూర్తులలో నొకరు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు. సాధనము ఒక్కరి గుత్తసొత్తయినచో నానాభిప్రాయములకు అందు తావుండదనియు, ఆ గుత్తాధికారి ప్రభుత్వమైనను వ్యాపారియైనను ఫలము ఒక్కటేననియు ఆయన అభిప్రాయము. అదే సంవత్సరము ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశమున సామాన్యులకు అంతర్జాలమును అందుబాటులోనికి తెచ్చెను. జీవన్‌రెడ్డిగారి హెచ్చరిక ఆ క్రొత్త సాధనమునకు మిక్కిలి వర్తించునదని నాడు ఎందరు ఊహించిరో చెప్పలేము.

ఇప్పుడు కాలమును కొంచెము వెనుకకు త్రిప్పి మరల కరీంనగరము జిల్లాకు పోవుదము. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీల ఉద్యమము ప్రబలెను. వెట్టిచాకిరికిని దొరల ఆక్రమణలకును ఎదురుతిరిగి పల్లెజనము సంఘములు కట్టిరి. ఆ సెప్టెంబరు మాసమున జగిత్యాలలో జరిగిన పెద్ద ఊరేగింపును నేటికిని ‘జైత్రయాత్ర’ యని చెప్పుకొందురు. అక్టోబరు 20న ప్రభుత్వము ఈ రెండు తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతము’లుగా ప్రకటించెను. దీనికి ఆధారమైన చట్టము 1948లో మద్రాసు రాష్ట్రమున పుట్టినది. దాని ప్రకారము, ఐదుగురు గుమికూడరాదను ఆజ్ఞను మీరినవారిపై హెచ్చరిక చేసి కాల్పులు జరుపు అధికారము సబ్ఇన్‌స్పెక్టరు స్థాయి పోలీసు అధికారికిని కలదు.

ఉద్యమమును గూర్చియు, అందలి హింసను గూర్చియు భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. మన ప్రస్తుత విషయము అది కాదు. ఆ ప్రకటన ఒక మనిషి మీద చేసిన నేరారోపణ కాదు. భూమి మీద గీసిన గీత. గీతకు లోపల నున్న నేత పనివాడు, బడిపంతులు, సంతకు పోవు ముసలమ్మ, అందరును ఒక్క తీరున అనుమానమునకు పాత్రులైరి. గస్తీ 53లోని దోషము ముందు అనుమతి. కల్లోలిత ప్రాంత ప్రకటనలోని దోషము, తప్పు చేసినవానిని వెదకుటకు మారుగా ఊరినంతను కట్టివేయుట.

ఈ పద్ధతియే అంతర్జాల యుగమున క్రొత్త వేషముతో తిరిగి వచ్చినది. 2022 మే 24న అమలాపురమున, కోనసీమ జిల్లాకు అంబేడ్కరుగారి పేరు చేర్చుటను గూర్చి చెలరేగిన అల్లరులలో ఒక మంత్రి ఇంటికిని ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పు పెట్టిరి. అది హేయమైన చర్య. బాధ్యులను పట్టి శిక్షింపవలసినదే. కాని దానితో కోనసీమలో పలు దినములు సెల్‌ఫోనులకు నెట్ నిలిపివేసిరి. నిప్పు పెట్టినది ఒక గుంపు. ఫోను మూగవోయినది ఆ సీమకంతకును. ఇంటనుండి కంపెనీ పని చేయు యువకుడు, ఫోను ద్వారా డబ్బు తీసికొను కిరాణా వర్తకుడు, దరఖాస్తు పంపవలసిన విద్యార్థి ఏ తప్పు చేసినట్లు?

ఇట్టి నిలుపుదలలకు చాలకాలము ప్రత్యేక నిబంధనలే లేవు. 2017 ఆగస్టులో, ఆ 1885 నాటి తంతి చట్టము క్రిందనే, కేంద్ర ప్రభుత్వము కొన్ని నియమములు చేసెను. 2019 ఆగస్టులో కాశ్మీరమున జరిగిన సుదీర్ఘమైన నిలుపుదల కారణముగా వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరెను. 2020 జనవరి 10 నాటి అనూరాధా భసీన్ తీర్పులో న్యాయస్థానము కొన్ని హద్దులు గీసెను. నిలుపుదల ఉత్తరువులను ప్రకటింపవలెను. అవసరమునకు మించి నిలుపరాదు. గడువు లేని నిలుపుదల చెల్లదు. ఎప్పటికప్పుడు పునఃపరిశీలన జరుగవలెను. నెట్ ద్వారా భావప్రకటనయు, వ్యాపారమును రాజ్యాంగ రక్షణ గలవియే. అటుపిమ్మట ఒక ఉత్తరువు పదునైదు దినములకు మించరాదని నియమము వచ్చెను. పాత తంతి చట్టము స్థానమున 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చెను. ఐనను నెట్‌ను నిలుపు అధికారము పోలేదు. 2024 నవంబరులో క్రొత్త నియమములతో మరల నిలిచినది.

మూడవ దోషము చట్టములోని మాటలలో నుండును. ఐటీ చట్టమునకు 2008లో చేసిన సవరణలో 66ఏ అను నిబంధన చేరెను. ‘చికాకు’ కలిగించు, ‘అసౌకర్యము’ కలిగించు, మిక్కిలి నొప్పించు సందేశములు పంపుట నేరమనియు, మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చుననియు దాని భావము. చికాకు అనగా ఎవరి చికాకు? ఎంత చికాకు? మన పల్లెలో రచ్చబండ దగ్గర జరుగు సంభాషణలో సగము ఎవరికో ఒకరికి చికాకు కలిగించునదే గదా! 2013లో ప్రకాశము జిల్లా చీరాల పోలీసులు, ఫేస్‌బుక్కులో ఒక శాసనసభ్యుని విమర్శించినందులకు పౌరహక్కుల సంఘమునకు చెందిన ఒక మహిళా న్యాయవాదిని ఈ నిబంధన క్రింద అరెస్టు చేసిరి. ఆ వార్త సుప్రీంకోర్టు దృష్టికి పోగా, పెద్ద అధికారుల అనుమతి లేక ఇట్టి అరెస్టులు చేయరాదని న్యాయస్థానము ఆదేశించెను.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఏ నిబంధనను పూర్తిగా కొట్టివేసెను. ఆ ధర్మాసనమున జస్టిస్ నారిమన్‌తో కూర్చున్నవారు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వరు. ఒక విషయమును చర్చించుట వేరు, ఒక పక్షమును గట్టిగా వాదించుట వేరు, జనులను నేరమునకు పురికొల్పుట వేరు. మూడవదాని దగ్గర గాని ప్రభుత్వము చేయి చేసికొనరాదని ఆ తీర్పు చెప్పెను. చిత్రమేమన, చచ్చిన ఆ నిబంధన క్రింద పోలీసుస్టేషనులలో ఏండ్ల తరబడి కేసులు నమోదగుచునే యుండెను. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల కలుగజేసికొని, ఎవరిని గాని ఆ నిబంధన క్రింద విచారింపరాదని చెప్పవలసి వచ్చెను. అస్పష్టమైన చట్టము చేయుట సులభము. దానిని అలవాటు నుండి తొలగించుట కష్టము.

అంతర్జాలముతో జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు గల అనుబంధము ఒక విధముగా హైదరాబాదువారి కంటె గాఢమైనది. 1970ల నుండి ఈ పల్లెల మగవారు దుబాయికి, మస్కటుకు, సౌదీకి, బహ్రెయినుకు పోవుచున్నారు. మొదట ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు వారములు పట్టెడిది. చదువురానివారు తమ మాటలను క్యాసెట్టులో నింపి, సెలవుపై వచ్చువారి చేతికిచ్చి పంపెడివారు. పిమ్మట ఎస్.టి.డి. బూతులు వచ్చెను, అందు నిమిషమునకు పడు ఖర్చును చూచుచు, ఏడ్చుటకైనను తీరిక లేక మాట్లాడెడివారు. నెట్ వచ్చిన పిదప తండ్రి తన బిడ్డ మొగమును ఫోను అద్దములో చూడగలిగెను.

ఐతే ఆ దేశముల శాసనములు వేరు. సౌదీ అరేబియాలో నెట్ ద్వారా మాట్లాడుటపై గల నిషేధమును 2017 సెప్టెంబరులో సడలించిరి. అదే సంవత్సరాంతమున సంయుక్త అరబ్బు ఎమిరేట్సులో స్కైపు మాటలు నిలిచిపోయెను. అనుమతి పొందిన కంపెనీల యాపుల ద్వారా మాత్రమే మాట్లాడవలెనని అచటి పద్ధతి. ఆ విధానము దుబాయిలో జరిగినను, దాని బరువు కోరుట్ల పల్లెలలోని తల్లుల మీదను భార్యల మీదను పడెను. అట్లే ఒకరి ఛాయాచిత్రమును సమ్మతి లేక పంపుటయు, ఫోనులో తిట్టుమాట వ్రాయుటయు అచట కఠినశిక్ష గల నేరములు. ఇది తెలియక పోయిన కూలీవానికి ఆపద. కావున నెట్‌పై చట్టము చదువుకొన్నవారికి మాత్రమే చెందిన వ్యవహారమనుట పొరపాటు.

ఇంతవరకు చెప్పినది విని, ఏ కట్టుబాటును వద్దని నా వాదమని శ్రోతలు తలపవద్దు. నెట్ ద్వారా కీడు నిజముగా జరుగుచున్నది. 2018 మేలో పిల్లలనెత్తుకొని పోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వాట్సాపులో వ్యాపించి, తెలంగాణలో నిరపరాధులు మూకల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. 2020 చివర యాపుల ద్వారా అప్పులిచ్చినవారు, అప్పు తీసికొనినవారి ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నిటికిని అవమానకర సందేశములు పంపి వేధింపగా, మన రాష్ట్రమున కొందరు ఆత్మహత్య చేసికొనిరి. ఇట్టివానిని చూచి చట్టము ఊరకుండరాదు.

కాని కీడునకు మందు ఏది? 2018 వదంతుల కాలమున జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు చేసిన పని స్మరింపదగినది. ఆమె పోలీసులను పల్లెలకు పంపి, జనులతో కూర్చుండి మాట్లాడించి, డప్పు చాటింపుతోను జానపదుల పాటలతోను ఆ సందేశములు బూటకములని చెప్పించెను. అబద్ధపు మాటకు నిజమైన మాటను ఎదురు నిలిపెను. అప్పు యాపుల విషయమునను అంతే. వేధించినవారిని పట్టవలెను, వారి వ్యాపారమును మూయింపవలెను. అందులకు జిల్లా నెట్ నిలుపవలసిన పని లేదు.

ఈ చరిత్రనంతను కలిపి చూచినచో శాసనకర్తలు పాటింపవలసిన నియమములు కొన్ని తేలుచున్నవి. చట్టము మనిషి చేసిన పనిని చూడవలెను గాని ఊరి పేరును చూడరాదు. ఇది జగిత్యాల చెప్పు పాఠము. నేరమేదో సామాన్యుడు ముందుగా తెలిసికొనగల మాటలలో చెప్పవలెను. ఇది చీరాల చెప్పు పాఠము. మాటకు ముందు అనుమతి కోరరాదు. హాని జరిగిన చోట విచారణ చేసి శిక్షింపవలెను. ఇది సిరిసిల్ల సభనాటి పాఠము. తీసుకొనిన ప్రతి చర్యకును కారణము వ్రాసి ప్రకటింపవలెను. నేడు నెట్‌ను నిలుపు ఉత్తరువులను ప్రకటింపవలెనను నియమము కలదు గాని, ఒక వ్రాతను గాని వెబ్‌సైటును గాని అడ్డగించు ఉత్తరువులను 2009 నాటి నియమముల క్రింద రహస్యముగా నుంచుచున్నారు. కారణము తెలియనివాడు ఏమని అప్పీలు చేసికొనగలడు?

తనను గూర్చిన మాటలలో ఏది నిజము, ఏది అబద్ధము అను తీర్పు ప్రభుత్వమే చెప్పరాదు. 2023లో కేంద్ర ప్రభుత్వము అట్టి నిజనిర్ధారణ విభాగమునకు నియమములు చేయగా, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు వానిని కొట్టివేసెను. దీనితోపాటు పెద్ద కంపెనీల అధికారమును మరువరాదు. జీవన్‌రెడ్డిగారు చెప్పిన గుత్తాధికారి నేడు విదేశపు కంపెనీ రూపమున మన జేబులో నున్నాడు. మన నానుడియు, వెటకారమును తెలియని యంత్రము ఒక తెలుగు వ్రాతను తీసివేసినచో, కారణమడుగుటకును, తెలుగు తెలిసిన మనిషి చేత మరల పరిశీలింపజేయుటకును పౌరునకు హక్కుండవలెను. ఈ హక్కును చట్టము కంపెనీల మీద విధించుట స్వేచ్ఛకు సంకెల కాదు, అండ.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ కట్టుబాట్లు చట్టసభలో పుట్టవలెను. నెట్ నిలుపుదలను గూర్చిన 2017 నియమములు, సామాజిక మాధ్యమములను గూర్చిన 2021 నియమములు కార్యాలయములలో తయారై గెజిటులో వెలువడినవి. వానిని పార్లమెంటు బల్లపై నుంచుట విధియే గాని, ఒక్కొక్క వాక్యమును పట్టుకొని సభ్యులు వాదించుట అరుదు. నిజాము నాటి గస్తీకిని నేటి నియమములకును హోదాలో చాల భేదమున్నది. నేడు రాజ్యాంగమున్నది, న్యాయస్థానమున్నది, ఎన్నికలున్నవి. కాని కచేరీ కాగితముతో పౌరుని నోటిని దిద్దవచ్చునను అలవాటు మాత్రము ఆ పాతదే.

నేడు సిరిసిల్లలో సాంచె నడుపు ఆసామి చీరల నమూనాను ఫోనులోనే చూచి బేరము కుదుర్చుకొనుచున్నాడు. కోరుట్ల దగ్గరి పల్లెలో ఇల్లాలు అదే ఫోనులో మస్కటు నుండి పెనిమిటి మాట వినుచున్నది. ఆ ఫోను మూగవోవుట వీరికి రాజకీయ సిద్ధాంతము కాదు, ఆనాటి కూలియు ఆ రాత్రి నిద్రయును. మన ప్రాంతపు శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఓట్లడుగ వచ్చినప్పుడు రోడ్డును గూర్చియు, నీటిని గూర్చియు అడుగుచున్నాము. నెట్‌ను నిలుపు ఉత్తరువును గూర్చి సభలో మీరెన్నడైన ఒక ప్రశ్న వేసితిరా యని కూడ అడుగవలెను. 1935లో సిరిసిల్లలో కూడినవారికి అట్లు అడుగుటకు ఒక సభ లేకుండెను. మనకు కలదు.